పట్టేసిన మెడ, పట్టే చేతులు

"నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అనే మాట హైదరాబాదులో తిట్టూ అవుతుంది, పరిహాసమూ అవుతుంది. 1950లలో జాల్నా నుంచి మానసిక చికిత్సాలయం ఇక్కడికి తరలి వచ్చాక ఆ పేట పేరే ఒక రోగం పేరుగా మారిపోయింది. మెడనొప్పికి వైద్యం కోసం వారానికి రెండుసార్లు ఎర్రగడ్డ వెళ్తున్నానని చెప్తే మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వు నన్ను చాలాసేపు వదల్లేదు.

అంతకు రెండు నెలల ముందు ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టరు నా ఎక్స్‌రేను వెలుతురుకేసి పట్టి చూశాడు. "ఎముకల్లో ఏమీ లేదు. టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. తర్వాత "పెళ్ళయిందా?" అని అడిగాడు. ఉన్నంతసేపూ ఆయన నా మెడను ఒక్కసారి కూడా తాకి చూడలేదు. పదేళ్ళుగా పుస్తకాల మీదా, కంప్యూటర్ మీదా, జవాబు పత్రాల మీదా వంగి ఉన్న మెడ అది. "ఏమీ లేదు" అన్న మాటకీ "ఎర్రగడ్డకు పంపాలి" అన్న మాటకీ మధ్య దూరం ఎంతో ఆ రోజే నాకు తెలిసింది. అట్టే లేదు.

ఈఎస్ఐ హాస్పిటల్ మెట్రో స్టేషన్లో దిగితే వైద్య చరిత్ర అంతా ఒకే రోడ్డు మీద కనిపిస్తుంది. కార్మికుల కోసం 1948 నాటి చట్టం కింద వచ్చిన ఈఎస్ఐ ఆసుపత్రి ఒకవైపు. దానికి ఎదురుగా బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, యునానీ పరిశోధనా సంస్థ. ఇంకా ముందుకు వెళ్తే ఛాతీ ఆసుపత్రి, మానసిక చికిత్సాలయం. ఇటు అమీర్‌పేట వైపు వస్తే 1949లో మొదలైన ప్రకృతి చికిత్సాలయం. దానికి అనుబంధంగా 1970లో కళాశాల కూడా వచ్చింది. సిద్ధాంతంలో ఇవేవీ ఒకదానితో ఒకటి కలవవు. కానీ చేతితో ఒంటిని పట్టి నొప్పి తగ్గించడం అన్నిచోట్లా ఉంది. ఒకచోట దాన్ని ఫిజియోథెరపీ అంటారు, ఒకచోట అభ్యంగనం, ఒకచోట దల్క్, ఒకచోట మాలీషు. నూనె పట్టిన తోలూ, ఇరుసూ గట్టిపడినట్టే నూనె పట్టించిన ఒళ్ళూ గట్టిపడుతుందని చరకుడు చెప్పాడు. గట్టిగా రుద్దితే ఒళ్ళు బిగుస్తుందనీ, మెత్తగా రుద్దితే సడలుతుందనీ ఇబ్న్ సీనా రాశాడు. ఎంత నూనె, ఎంత బలం, ఏ పూట అన్న లెక్కలన్నీ ఈ గ్రంథాల్లో ఉన్నాయి. ఆ చేతులు ఎవరివో ఎక్కడా లేదు. సాహిత్య విద్యార్థినిని కాబట్టి నాకు ముందు ఆ ఖాళీయే కనిపించింది.

నేను వెళ్ళేది ఈ పెద్ద భవనాల్లో దేనికీ కాదు. మెయిన్ రోడ్డు దాటి లోపలి సందులో, టైలరింగ్ షాపు పైన ఒక్క గది. "స్త్రీలకు మాత్రమే" అని బోర్డు. అక్కడ పనిచేసే ఆమెకు యాభై దాటి ఉంటాయి. నేను అక్కా అంటాను, ఆమె మేడమ్ అంటుంది. ఎన్నిసార్లు వద్దన్నా మానదు. మొదటి రోజు ఆమె నా ఎక్స్‌రే అడగలేదు.

"రాసేటప్పుడు ఎట్ల కూసుంటరు మేడమ్? ఒకసారి కూసోని సూపెట్టుండ్రి" అంది.

కూర్చున్నాను. ఎదురుగా కంప్యూటర్ ఉన్నట్టు చేతులు చాపాను. ఆమె కాసేపు చూసి, "పెద్దసార్ల ముందట కూసున్నట్టు కూసున్నరు" అంది.

పీహెచ్‌డీ వైవా నాడు నేను కూర్చున్న తీరు అదే. అప్పటినుంచి లేవలేదన్నమాట!

మన తెలుగులో ఈ క్రియ చిత్రమైనది. మెడ "పట్టేసింది" అంటాం. ఒళ్ళు "పట్టమని" అడుగుతాం. కాళ్ళు "పట్టుకుని" బతిమాలతాం. నొప్పీ, సేవా, లొంగుబాటూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఆడపిల్ల ఒంటి చరిత్ర కూడా ఈ మూడింటి మధ్యే నడిచింది. తల వంచుకుని నడువు, ఛాతీ విరుచుకు నడిస్తే మగరాయుడంటారు అని వినకుండా పెరిగినవాళ్ళం మనలో ఎందరం? పైట వచ్చిన ఏడే భుజాలు ముందుకు ముడుచుకుంటాయి. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' రాసినప్పుడు చాలామంది గుడ్డ ముక్క గురించే గొడవపడ్డారు. ఆ గుడ్డ కింద వంగిపోయిన భుజాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అలాగని నిటారుగా నిలబడటం విముక్తి అనుకోవడానికీ లేదు. అమెరికాలో 20వ శతాబ్దం నడుమ, వెలస్లీ, వాసర్ లాంటి పేరున్న మహిళా కళాశాలలతో సహా ఎన్నో చోట్ల, కొత్తగా చేరిన విద్యార్థులను నగ్నంగా నిలబెట్టి ఫోటోలు తీశారు. వెన్ను సరిగ్గా ఉందో లేదో చూడటానికట! ఆ పద్ధతి 1960ల దాకా సాగింది. అక్కడ నిటారుగా నిలబడమన్నారు, ఇక్కడ వంగమన్నారు. వెన్నెముక మాత్రం రెండుచోట్లా ఆమె చేతిలో లేదు. కూర్చునే తీరు సరిగా లేకపోవడమే నొప్పికి కారణం అనే నమ్మకానికి ఆధారాలు బలహీనమని ఇప్పటి పరిశోధనలూ చెబుతున్నాయి. అక్కకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు. "నిటారుగ కూసోమంటే రెండు నిమిషాలు కూసుంటరు. మూడో నిమిషం మల్ల గదే" అంటుంది. భుజం రెక్క అంచు వెంట బొటనవేలు నడిపించి, ఒకచోట ఆగుతుంది. నొక్కదు. అక్కడ కండరం తానే వదిలేదాకా వేచి ఉంటుంది.

చేతి స్పర్శ ఎప్పుడూ ఇంత ఓపికగా లేదు. 1870లలో అమెరికాలో వీర్ మిచెల్ అనే నరాల వైద్యుడు అలసిన స్త్రీలకు 'విశ్రాంతి చికిత్స' మొదలుపెట్టాడు. వారాల తరబడి మంచం దిగకూడదు, చదవకూడదు, రాయకూడదు, అయినవాళ్ళను చూడకూడదు. కదలని ఒళ్ళు చచ్చుబడకుండా రోజూ మాలీషు చేయించేవారు. ఆ చికిత్స తీసుకున్నవాళ్ళలో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ ఒకరు. బతికినంతకాలం కలం ముట్టొద్దని ఆమెకు చెప్పి పంపారు. ఆమె 1892లో 'ది యెల్లో వాల్‌పేపర్' కథ అచ్చువేసింది. ఎం.ఏ. విద్యార్థులకు ఆ కథను నేను ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. గోడ కాగితం గురించీ, పిచ్చి గురించీ గంటలు మాట్లాడాను. ఆ చికిత్సలో రోజూ వచ్చి ఒళ్ళు రుద్దే మనిషి ఒకరు ఉంటారన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ మనిషి కూడా సాధారణంగా స్త్రీయే.

ఈ చికిత్స లండన్‌కు పాకడంతో అక్కడ మాలీషు చేసే స్త్రీలకు గిరాకీ పెరిగింది. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ మాలీషు గదుల పేరుతో వ్యభిచారం సాగుతోందని గగ్గోలు పెట్టింది. ఆ ఏడే నర్సులూ మంత్రసానులూ అయిన నలుగురు స్త్రీలు, లూసీ రాబిన్సన్, రోజలిండ్ పేజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్, కలిసి శిక్షణ పొందిన మాలీషు స్త్రీల సంఘం పెట్టారు. డాక్టరు చెప్పనిదే చెయ్యి వేయకూడదు. డాక్టరు ప్రత్యేకంగా కోరితే తప్ప మగవాళ్ళకు చేయకూడదు. మామూలు పత్రికల్లో ప్రకటనలు ఇవ్వకూడదు. ఇవీ నియమాలు. ఇవాళ మనం ఫిజియోథెరపీ అంటున్న వృత్తికి బ్రిటన్‌లో తల్లివేరు ఆ సంఘమే. ఆ నలుగురినీ నేను తక్కువ చేయడం లేదు. ఒక పనిని, దాన్ని చేసే స్త్రీలను బురద నుంచి కాపాడారు. కానీ దానికి రెండు మూల్యాలు చెల్లించారు. ఒకటి, డాక్టరు కింద ఉండటానికి ఒప్పుకున్నారు. రెండోది, చదువులేని, సంఘంలో చోటులేని మాలీషు స్త్రీలను గీతకు అవతల వదిలేశారు. ఎర్రగడ్డ సందులో "స్త్రీలకు మాత్రమే" అన్న బోర్డు చూసినప్పుడల్లా నాకు ఆ గీత గుర్తొస్తుంది.

సరిగ్గా అదే 1894లో విశాఖపట్నంలో ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ జర్మన్ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే రాసిన నూతన చికిత్సా గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చారు. ప్రకృతి వైద్యం మన దేశంలోకి అడుగుపెట్టింది తెలుగు అనువాదం ద్వారానే. అందులో నీళ్ళే ప్రధానం. తొట్టిలో కూర్చున్న మనిషి ముతక గుడ్డతో తన ఒంటిని తానే రుద్దుకోవాలి. ఇంకొకరి చెయ్యి తగలాల్సిన పని లేదు. మరి మూడు దశాబ్దాలకు, ఆయుర్వేద వైద్యుడైన కె.ఎన్. కేసరిగారు 1928లో మద్రాసు నుంచి 'గృహలక్ష్మి' పత్రిక స్థాపించారు. స్త్రీల వ్యాధులకు ఆయన అమ్మిన మందు 'లోధ్ర' ఇంటింటికీ తెలుసు. రచయిత్రులకు ఆయన ఇచ్చిన స్వర్ణకంకణం మనందరికీ తెలుసు. తెలుగు అచ్చులో స్త్రీ నొప్పి మొదట సీసాలోకి వెళ్ళింది. సీసా అయితే మైల అంటదు. పోస్టులో వస్తుంది, తలుపు వేసుకుని తాగొచ్చు. పట్టే చేతులు మాత్రం పెరటి గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

ఈ సంగతి నాకు అర్థం చేయించింది అక్కే. నాలుగో వారం అనుకుంటా, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. ఏదో శిక్షణ పేరు చెబుతుందనుకున్నాను.

"మా అమ్మ పురుళ్ళు పోసేది. ఊర్ల అందరి ఒళ్ళు ఆమెనే తోమింది. నేను ఎనకాల నీళ్ళ చెంబు పట్టుకోని పోతుంటి. ఆడ తోముడు అంటరు, ఈడ థెరపీ అంటరు."

ఆ రాత్రి మా అమ్మకు ఫోన్ చేశాను. నేను పుట్టింది గుంటూరు ఆసుపత్రిలోనే. మూడో రోజు ఇంటికి తీసుకొచ్చాక ఎవరు చూసుకున్నారని అడిగాను.

"దాని చేతులు ఇప్పటికీ గుర్తేనే" అంది అమ్మ. నేను మాట్లాడకపోవడం గమనించి, "ఆమె చేతులు" అని దిద్దుకుంది. ఆముదం వెచ్చబెట్టి నడుముకు మర్దనా చేసేదట. కాళ్ళు చాపుకుని వాటి మీద నన్ను పడుకోబెట్టి నీళ్ళు పోసేదట. అమ్మకు నడికట్టు బిగించి కట్టేదట. "అంత సుఖం మళ్ళీ ఎరగను" అంది.

ఎన్నాళ్ళు వచ్చిందని అడిగాను. పదకొండో రోజు పురుడు దాకా. ఆ రోజు ఇల్లు కడిగారు, బట్టలు చాకలికి వేశారు. మర్నాడు ఆమె బియ్యం కోసం వచ్చి పెరట్లోనే నిలబడింది. లోపలికి రాలేదు.

ఈ విషయం ఇన్నేళ్ళూ ఒక ఆచారంగానే విన్నాను. ఇప్పుడు చరిత్రగా వినపడింది. ఆమె చెయ్యి అమ్మ ఒంటిని తాకగలిగింది ఆ కొద్ది రోజులు అమ్మ కూడా అంటరానిది కాబట్టి. మా ఇంట్లో ఒక స్త్రీకి ఒళ్ళు పట్టించుకునే సుఖం దొరకాలంటే ఆమె మైలపడాలి. మైల తీరగానే సుఖమూ తీరిపోతుంది, పట్టిన మనిషీ గడప బయటికి పోతుంది. కులం, పితృస్వామ్యం అని విడివిడి అధ్యాయాలుగా రాసుకున్న నేను, ఈ రెండూ ఒక బాలింత నడుము దగ్గర ఎలా కలుసుకున్నాయో నా సిద్ధాంత గ్రంథంలో ఎక్కడా రాయలేదు.

"ఆమె పేరేంటమ్మా?"

చాలాసేపు ఆలోచించింది. "ఏమోనే. మంత్రసాని అనే పిలిచేవాళ్ళం."

పాశ్చాత్య దేశాల్లో ఇదే పనికి మనుషుల పేర్లే ఉన్నాయి. స్టేజీ మీద గొంతు పోగొట్టుకున్న టాస్మానియా నటుడు ఎఫ్.ఎం. అలెగ్జాండర్ అద్దాల ముందు నిలబడి తన మెడ బిగుసుకునే తీరు కనిపెట్టాడు. అది అలెగ్జాండర్ టెక్నిక్ అయింది. 1920లో కొలంబియాలో జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్న ఐడా రోల్ఫ్ కండరాల పొరలను చేతితో సడలించే పద్ధతి తయారు చేసింది. అది రోల్ఫింగ్ అయింది. అలెగ్జాండర్ పద్ధతి మీద బ్రిటన్‌లో 579 మంది నడుమునొప్పి రోగులతో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళు నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పితో గడిపితే, 24 పాఠాలు తీసుకున్నవాళ్ళకు ఏడాది తర్వాత అది 3 రోజులే. మాలీషు ఉపశమనం ఏడాది దాకా అంతగా నిలవలేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి చేతి మహిమ అని నేను పాట పాడబోవడం లేదు. నా మెడ కూడా పరీక్షల రోజుల్లో మళ్ళీ పట్టేస్తుంది. నేను అడిగేది వేరు. ఎవరి చేతి అనుభవం అధ్యయనమవుతుంది? ఎవరిది ఆచారంగా మిగిలిపోతుంది? 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపిస్టులకు ఒక రిజిస్టరునూ గుర్తింపునూ ఇచ్చింది. అది రావలసిందే. కానీ డిగ్రీ లేని అక్క చేతులు ఆ రిజిస్టరులోకి రావు.

'మనకు తెలియని మన చరిత్ర' స్త్రీలను వాళ్ళ గొంతులోనే వినడం నేర్పింది. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' మన ఒళ్ళు మనమే తెలుసుకోవాలని చెప్పింది. వాటి వెలుగులో చదువుకున్న నా తరం ఇంకో అడుగు వేయాల్సి ఉంది. మన నొప్పి గురించి రాసినంత శ్రద్ధగా, ఆ నొప్పి తీర్చిన చేతుల గురించి కూడా రాయాలి.

పోయిన వారం అక్కను వాళ్ళమ్మ పేరు అడిగాను. చెప్పింది. నోటుబుక్కులో రాసుకున్నాను. పత్రికలో వేస్తానన్నాను.

నా మెడ మీద ఉన్న చెయ్యి ఆగింది. "పత్రికల వద్దు మేడమ్. మా బిడ్డ ఇంజనీరింగ్ సదువుతుంది. అందరికి తెలిస్తే మంచిగుండదు" అంది.

ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు.