విదేశీ సొమ్ముకు దారి చూపే ‘స్విఫ్ట్ కోడ్’

ఒక్క అక్షరం తప్పినా చిక్కులే

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాలతో పాటు కోనసీమ ప్రాంతం నుంచి వేలాది మంది గల్ఫ్ దేశాలకు వెళ్లి ఉపాధి పొందుతున్నారు. అక్కడి బ్యాంకు నుంచి ఇంటివారి ఖాతాకు నేరుగా సొమ్ము పంపాలంటే ఖాతా సంఖ్యతో పాటు ‘స్విఫ్ట్ కోడ్’ తెలపాలి. బ్యాంకు గుర్తింపు కోడ్ అన్నా ఇదే. ఇందులో పొరపాటు దొర్లితే నెలల కష్టార్జితం మధ్యలోనే నిలిచిపోయే ప్రమాదముంది.

కోడ్‌లో ఏముంటుంది?

ఈ కోడ్‌కు 8 లేదా 11 స్థానాలు ఉంటాయి. మొదటి 4 బ్యాంకును, తర్వాతి 2 దేశాన్ని, ఆపై 2 ప్రాంతాన్ని సూచిస్తాయి. చివరి 3 శాఖకు సంబంధించినవి. అవి లేకున్నా, వాటి స్థానంలో మూడు ‘ఎక్స్’లు ఉన్నా ప్రధాన కార్యాలయంగా పరిగణిస్తారు. భారతీయ స్టేట్ బ్యాంకు కోడ్ ‘ఎస్‌బీఐఎన్ ఐఎన్ బీబీ’. ఇందులో ‘ఎస్‌బీఐఎన్’ బ్యాంకును, ‘ఐఎన్’ భారత్‌ను, ‘బీబీ’ ప్రాంతాన్ని తెలుపుతాయి.

వెళ్లేది సందేశమే

‘స్విఫ్ట్’ 1973లో బెల్జియం కేంద్రంగా ఏర్పడిన బ్యాంకుల సహకార సంస్థ. ఇది సొమ్మును తరలించదు. చెల్లింపు సందేశాన్ని మాత్రమే చేరవేస్తుంది. సొమ్ము బ్యాంకులు పరస్పరం నిర్వహించే ఖాతాల ద్వారా సర్దుబాటవుతుంది. రెండు బ్యాంకుల మధ్య అటువంటి ఖాతా లేకుంటే మధ్యవర్తి బ్యాంకు అవసరమవుతుంది. అది రుసుం మినహాయిస్తే పంపినదాని కంటే తక్కువ జమ అవుతుంది. రుసుం ఎవరు భరించాలో పంపేవారు ముందే తేల్చుకోవడం మేలు.

ఐఎఫ్ఎస్ కోడ్ వేరు

ఐఎఫ్ఎస్ కోడ్ దేశంలోని చెల్లింపులకు ఉద్దేశించినది. దీనికి 11 స్థానాలు, ఐదోది సున్నా. గల్ఫ్‌లోని ఎక్స్ఛేంజ్ కేంద్రాలు భారతీయ బ్యాంకుల్లోని తమ రూపాయి ఖాతాల ద్వారా పంపేటప్పుడు సాధారణంగా దీనినే అడుగుతాయి. స్విఫ్ట్ కోడ్ అన్ని శాఖలకూ ఉండదు. లేనిచోట విదేశీ మారక వ్యవహారాలు చూసే శాఖ కోడ్ ఇవ్వాలి. గల్ఫ్‌లో వాడే ‘ఐబాన్’ సంఖ్య భారతీయ ఖాతాలకు లేదు.

ఇవి మరవొద్దు

* కోడ్‌ను ఖాతా ఉన్న శాఖలోనే అడిగి రాయించుకోవాలి.
* స్విఫ్ట్ కోడ్ బ్యాంకును మాత్రమే గుర్తిస్తుంది. కనుక ఖాతా సంఖ్యను, పాసుపుస్తకంలోని పేరును ఉన్నవి ఉన్నట్లే నమోదు చేయాలి.
* రసీదును, లావాదేవీ సంఖ్యను భద్రపరచాలి. సొమ్ము జమ కాకుంటే ఆ సంఖ్య ఆధారంగా పంపిన బ్యాంకు ద్వారానే ఆచూకీ తీయించాలి.