సూర్యకుమారి – తెలుగు గళము

శంకరంబాడి సుందరాచారి రచించిన తెలుగుతల్లి గీతమును ఎఱుగని ఆంధ్రులు అరుదు. గ్రామఫోను రికార్డుద్వారా దానిని ఇంటింటికి చేర్చిన గాయని పేరు మన పిల్లలలో ఎందఱికి తెలియును?

ఆమె టంగుటూరి సూర్యకుమారి. 1925లో రాజమహేంద్రవరమున జన్మించెను. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. బాల్యముననే చలనచిత్రములలో ప్రవేశించి, ‘రైతుబిడ్డ’ (1939), ‘దేవత’ (1941) చిత్రములందు నటించి, పాడెను. 1961లో న్యూయార్కు రంగస్థలముపై రవీంద్రుని నాటకమున రాణి సుదర్శన పాత్రను ధరించెను. పిమ్మట లండనులో స్థిరపడి, భారతీయ సంగీత నృత్యములను నేర్పుచు, 2005లో అచ్చటనే కన్నుమూసెను.

భిలాయి ఉక్కునగరమున పెరుగుచున్న మన బిడ్డలు ఇంట తెలుగు, వీథిలో హిందీ పలుకుదురు. పుట్టినగడ్డను వీడినంతమాత్రమున భాష వీడిపోదని ఆమె జీవితము చాటుచున్నది, అయితే పాడువారుండవలెను. ఆ గీతమును పిల్లలకు నేర్పునపుడు ఆమె పేరునుగూడ చెప్పుదము.