గుండెకు మందు చేరు దారి

సుచిత్ర కూడలినుండి కొంపల్లి మీదుగా మేడ్చలునకు పోవు రహదారిలో ప్రయాణించువారికి 108 వాహనపు కూత క్రొత్తది కాదు. 2005 ఆగస్టు 15న ఆరంభమైన ఆ సేవను నడుపు సంస్థ ప్రధాన స్థానము కుత్బుల్లాపూరునకు పొరుగుననున్న దేవరయాంజాలులో కలదు. గుండె ఆగిన మనిషికి వైద్యులిచ్చు ముఖ్యమైన మందు అడ్రినలిన్. దానిని ఏ దారిని ఇచ్చినచో గుండెకు చేరును? మనిషికి మందు చేరవలసిన గుండెయే ఆగియున్నది గదా! ఈ చిక్కును గూర్చిన చరిత్రలో ఒక అధ్యాయము మన హైదరాబాదులోనే జరిగినది.

శస్త్రచికిత్సకై క్లోరోఫారము పీల్చిన రోగులలో కొందరు ఆ రోజులలో బల్లపైననే మరణించుచుండిరి. ముందుగా ఆగునది గుండెయా, ఊపిరియా? రెసిడెన్సీ సర్జన్, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఊపిరియే యని గట్టిగా నమ్మెను. 1888లో ఏర్పడిన సంఘము ఆయన పక్షమే వహించినది. లండనులోని లాన్సెట్ పత్రిక సమ్మతింపలేదు. అంతట ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌనుల వ్యయము భరించి, ఆ పత్రిక ప్రతినిధిని పిలిపించెను. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చి, వందలకొలది జంతువులపై ప్రయోగములు జరుగగా, చివరకు లారీతోనే ఏకీభవించెను. నగరమునకు గొప్ప పేరు వచ్చినది. తీర్పు మాత్రము నిలువలేదు.

1911లో గుడ్‌మన్ లెవీ, తేలికగా క్లోరోఫారము ఇచ్చిన పిల్లుల సిరలలోనికి అడ్రినలిన్ ఎక్కించి చూచెను. గుండె క్రమము తప్పి వణకి, నెత్తురు తోడుట మానెను. మోతాదు మించిన మత్తులో కనిపించిన దానిని తేలిక మత్తుకును వర్తింపజేయుట హైదరాబాదు సంఘపు పొరపాటని మా అభిప్రాయము. గుండెను లేపుటకు వాడు మందే దానిని నిలుపవచ్చునని కూడ ఆ పిల్లులు చూపినవి.

క్లోరోఫారమునకు దారి సులభము. అది ఆవిరియై ఊపిరితిత్తులలో చేరి, అక్కడి నెత్తురుతో నేరుగా గుండెకు పోవును. ఆగిన గుండె సంగతి వేరు. చేతి సిరలో ఎక్కించిన మందు, నెత్తురు కదలనిచో, అక్కడనే నిలిచియుండును. కాలువ పారనప్పుడు పైతూములో కలిపిన ఎరువు చివరి మడికి చేరునా?

అందుచేత వైద్యులు అడ్డదారులు వెదకిరి. ఛాతీ గుండ సూదిని గుండెలోనికే గ్రుచ్చు పద్ధతి 20వ శతాబ్దిలో చాలకాలము నడచినది. హృదయధమని చీలుట, ఊపిరితిత్తికి తూటు పడుట వంటి కీడులవలన దానిని విడిచిరి. శ్వాసనాళపు గొట్టములో మందు పోసిరి. రెండింతలకు మించిన మోతాదు ఇచ్చినను ఫలము నమ్మదగినది కాలేదు. ఎముక మూలుగలో ఎక్కించు దారి మాత్రము నిలిచినది. 1922లో సెసిల్ డ్రింకర్ దానికి ఆధారము చూపెను. సిరలు ముడుచుకొన్నను మూలుగలోని నాళములు ముడుచుకొనవు.

ఈ దారులన్నిటికంటె పెద్ద మార్పు 1960లో వచ్చినది. కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను అమెరికను శాస్త్రజ్ఞులు ఛాతీని పైనుండి నొక్కినచో నెత్తురు నడచునని చూపిరి. నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కుట ఇంటిలోనివారును చేయదగిన పని. 108 రాకమునుపే ఆరంభింపవచ్చును.

బ్రిటనులో 8,000 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు 2018లో వెలువడినవి. 30 దినముల పిమ్మట బ్రతికియున్నవారు అడ్రినలిన్ పొందినవారిలో నూటికి 3.2, పొందనివారిలో 2.4, మెదడు బాగుగా కోలుకొనుటలో స్పష్టమైన మేలు కనరాలేదు. 2024లో సిరను, మూలుగను పోల్చిన మరియొక పరీక్షలో చెప్పదగిన భేదము తేలలేదు. కనుక ముందు సిరనే వెదకుదురు. అది దొరకనిచో ఎముక.

సిరలో మందు ఎక్కించిన వెంటనే 20 మిల్లీలీటర్ల ఉప్పునీరు త్రోసి, చేతిని కొంతసేపు పైకెత్తి పట్టుదురు. అంత చేసినను, ఛాతీని విడువక నొక్కుచుండగా, ఆ మందు గుండెకు చేరుటకు ఒకటి రెండు నిమిషములు పట్టును.