మరుగైన నక్షత్రం

బృహస్పతి ఉపగ్రహాలలో కెల్లా పెద్దదైన గానిమీడ్‌ను గెలీలియో 1610లోనే దర్శించాడు. బుధగ్రహాన్ని మించిన ఆ గోళానికి వాయుమండలం ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం మూడున్నర శతాబ్దాలు నిలిచిపోయింది. దానిని పరిశోధించిన వారిలో జగదీశ్ చంద్ర భట్టాచార్య ఒకరు.

ఆయన పనిచేసిన భారత ఖగోళ భౌతిక సంస్థ 1971లో స్వతంత్ర ప్రతిపత్తి పొంది, అనంతరం బెంగుళూరులో స్థిరపడింది. సంస్థ నిర్మాత వైను బప్పు హైదరాబాదులో పెరిగినవాడే. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. తమిళనాడులోని జవ్వాది కొండలపై, కావలూరు వద్ద, బప్పు నెలకొల్పిన వేధశాలలో 1972లో ఒక మీటరు దూరదర్శిని అమరింది.

ఆ సంవత్సరమే జూన్ 7న గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డువచ్చింది. గాలి లేని గోళం అడ్డువస్తే నక్షత్రకాంతి దీపం ఆర్పినట్లు తటాలున పోవాలి. గాలి ఉంటే కిరణాలు వంగి, వెలుగు క్రమంగా క్షీణిస్తుంది. కావలూరులోను, జావా ద్వీపంలోని లెంబాంగ్‌లోను తీసిన కొలతలలో కనిపించినది ఈ రెండవ లక్షణమే. భూమిపై వాయుపీడనంలో సుమారు పదిలక్షలవ వంతైనా అక్కడ ఉండవచ్చునని పరిశోధక బృందం 1973లో ప్రకటించింది.

1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పవలసి ఉండగా, ఆ గ్రహ వాయుమండలాన్ని తెలుసుకొనేందుకు పలుదేశాలవారు సన్నద్ధులయ్యారు. గ్రహానికి ఎడంగానే కాంతి క్షణకాలం తగ్గడం కావలూరులో నమోదైంది. భట్టాచార్య, కుప్పుస్వామి దానిని కొత్త ఉపగ్రహమని ప్రకటించారు. హిందూమహాసముద్రంపై విమానం నుండి పరిశీలించిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఇలియట్ బృందం అవి వలయాలని తేల్చింది. ఆ ఏడాదే భట్టాచార్య, బప్పుతో కలిసి, వలయవ్యవస్థను గురించి వ్యాసం వెలువరించారు. పొరపాటును దిద్దుకొనడంలో వారు జాప్యం చేయకపోవడం గమనింపదగినది.

గానిమీడ్ విషయం అంత త్వరగా తేలలేదు. 1979లో వాయేజర్-1 కొలతల ప్రకారం అక్కడ వాయువు, 1973లో చెప్పినదానికన్నా వేల రెట్లు పలుచనైనది. అది వాయుమండలమే కాదన్నంత పలుచన! అయితే 1990వ దశకంలో హబుల్ దూరదర్శిని అక్కడ అతి పలుచని ప్రాణవాయువును గుర్తించింది. వాయుమండలం ఉన్నమాట నిజమే, పరిమాణమే పొరపాటు.

భట్టాచార్య 1982 నుండి 1990 వరకు సంస్థకు సంచాలకులుగా వ్యవహరించి, 2012లో కన్నుమూశారు. గానిమీడ్‌పై నీటి ఆవిరి ఆనవాళ్లు 2021లో వెల్లడి అయ్యాయి.