వ్రేళ్ల కొసన ఆగిన నెత్తురు

గుండెనుండి బయలుదేరిన నెత్తురు చిట్టచివరకు చేరవలసిన చోట్లలో కాలి బొటనవ్రేలు ఒకటి. నడుమ ఎక్కడనో త్రోవ మూసికొనిపోయినచో ఆ కొరత తొలుత తెలియునది ఆ వ్రేలికే. నడచునప్పుడు అరికాలిలో నొప్పి పుట్టును, ఆగినచో తగ్గును. కొన్నాళ్లకు ఆగినను తగ్గదు. రోగి రాత్రులందు నిద్ర పట్టక, మంచము పట్టెమీద కూర్చుండి, కాలు క్రిందికి వ్రేలాడవేసికొని తెల్లవార్లు గడపును. పిమ్మట వ్రేలి కొసన చిన్న పుండు లేచును. అది మానదు. వ్రేలు నల్లబడును, వైద్యుడు దానిని తీసివేయును. కొంతకాలమునకు పాదము, మరి కొంతకాలమునకు మోకాలి దిగువ భాగము! ముదిమిలో వచ్చు వ్యాధియైనచో వేరు మాట. ఇది సాధారణముగా నలుబదియైదేండ్లు నిండకమునుపే, సంసారము నీడ్వవలసిన వయస్సుననే పట్టుకొనును. దీనికి బుర్గర్ వ్యాధియని పేరు. దీని చరిత్రను శ్రోతలకు వినిపింపదలచితిమి. ఏలయన ఆ చరిత్రతో మన తెలంగాణమునకును సంబంధము కలదు.

ముందుగా ఒక భ్రమ తీర్చవలెను. చలికి వ్రేళ్లు తెల్లబడి, నీలమై, తిరిగి ఎఱ్ఱబడు మరియొక స్థితి కలదు. దానిని 1862లో పారిస్ నగరమున మారిస్ రేనో అను వైద్యుడు తన సిద్ధాంతవ్యాసములో వర్ణించెను. అందు నాళములు బిగిసికొని మరల విడివడును; వ్రేలు పోవుట అరుదు. బుర్గర్ రోగులకు కూడ చలిలో వ్రేళ్లు రంగు మారవచ్చును గాని, వారి నాళములలో నిజముగానే అడ్డు ఏర్పడియుండును.

ఆ అడ్డును 1879లో ఫెలిక్స్ ఫాన్ వినివార్టర్ మొదట వర్ణించెను. ఆయన వియన్నాలో ప్రసిద్ధుడగు బిల్రోత్ శిష్యుడు. తీసివేసిన ఒక కాలిని కోసి చూడగా ధమనులు లోపలినుండి పూడిపోయి కనిపించెను. విచిత్రమేమనగా, ఈ వ్యాధికి తన పేరు నిచ్చిన లియో బుర్గర్ అదే వియన్నాలో అదే సంవత్సరమున జన్మించెను. ఆయన న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో పనిచేయుచు, తీసివేసిన పదునొకండు కాళ్లను పరిశీలించి 1908లో తన వ్యాసమును ప్రకటించెను. ముసలితనములో నాళపు గోడలు క్రొవ్వుచేరి గట్టిపడును. ఇచ్చట అట్లు కాదు. గోడ చాలవరకు నిలిచియే యుండును, వాపుతో కూడిన నెత్తురుగడ్డ నాళమును నింపివేయును. ధమనులే కాదు, సిరలును మూసికొనును. ఈ భేదమును స్పష్టపరచుటయే ఆయన ఘనత.

కారణము మాత్రము చిక్కలేదు. ఆ ఆసుపత్రికి వచ్చిన రోగులలో తూర్పు ఐరోపానుండి వలస వచ్చిన యూదులు ఎక్కువ; అందుచే ఇది ఒక జాతికి పుట్టుకతో వచ్చిన లోపమని చాలమంది తలచిరి. రోగి జేబులో నున్నదానిని చూడక రోగి కులగోత్రములు విచారించుట వైద్యులకు క్రొత్త గాదు. ఇదే వ్యాధి జపానులో, కొరియాలో, భారతదేశములో విరివిగా బయటపడిన పిమ్మట ఆ వాదము నిలువలేదు. ఈ రోగులందరిని కలుపునది పొగాకు.

1929లో అమెరికా వైద్యుడు ఎడ్గర్ అలెన్ ఈ వ్యాధికొరకే ఒక సులభ పరీక్షను చెప్పెను. పిడికిలి గట్టిగా బిగించి, మణికట్టువద్ద ఒక ధమనిని నొక్కియుంచి, పిడికిలి విప్పించవలెను. అరచేతిలో ఎఱుపు వెంటనే తిరిగి రానిచో రెండవ ధమని త్రోవ మూసికొనినదన్నమాట. నేడు మణికట్టు ధమనినుండి నెత్తురు తీయబోవు ముందు అనేక ఆసుపత్రులలో చేయు పరీక్ష దీని సవరించిన రూపమే.

రాజులకును ఇట్టి బాధ తప్పలేదు. అధికముగా పొగత్రాగు అలవాటుగల ఆరవ జార్జి చక్రవర్తికి 1948లో కాళ్లలో రక్తప్రసారము చెడగా, బుర్గర్ వ్యాధియేమోయని కూడ శంకించిరి. 1949 మార్చిలో లియర్మంత్ అను శస్త్రవైద్యుడు నడుము దగ్గరి నరమును కోసి, కాలి నాళములు సడలునట్లు చేసెను. పిమ్మట 1960లో వెస్లర్, ఆయన సహచరులు అసలిట్టి ప్రత్యేక వ్యాధియే లేదని వాదించిరి. ఆసియా ఖండములోని వైద్యశాలలకు ఆ వాదము వింతగా తోచియుండును. వారి యెదుట రోగులు వరుసలు కట్టియుండిరి గదా! కాలక్రమమున ఆ సందేహము తొలగిపోయెను.

ఇక మన కథకు వత్తము. వేసవిలో ఆదిలాబాదు, ములుగు, భద్రాచలము అడవులలో తునికాకు కోసి, ఏబది ఆకులు ఒక కట్టగా కట్టి, కల్లములలో ఎండబెట్టుదురు. ఆ ఆకు నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతపు ఇండ్లకు చేరును. అచ్చట స్త్రీలు దానిని నీట తడిపి, కత్తెరతో కత్తిరించి, చాటలో పోసికొన్న పొగాకును అందు చుట్టి, దారము కట్టుదురు. వేయి బీడీల లెక్కన కూలి. వారి సంక్షేమమునకై 1966లో ఒక చట్టము, 1976లో సంక్షేమనిధి చట్టము వచ్చెను. తెలంగాణ ప్రభుత్వము ఇచ్చు నెలసరి భృతి 2019లో 2,016 రూపాయలయ్యెను. బీడీ ఆగినచో ఆ ఇండ్లలో పొయ్యి ఆగును. బీడీ సాగినచో మరియొక ఇంట ఒకని కాలు ఆగును. ఈ రెండింటిని ఒక్కసారి తలచుకొనువారు తక్కువ.

బీడీలో పొగాకు సిగరెట్టులో కంటె చాల తక్కువ. అయినను ఆకు సరిగా మండక ఆరిపోవుచుండుటచే మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. నికొటిన్, విషవాయువు ఎక్కువగా లోనికి పోవును. 2000లో ప్రకటితమైన బంగ్లాదేశ్ పరిశీలన ఒకటి ఈ వ్యాధి ముప్పు సిగరెట్టుకంటె బీడీతోనే అధికమని తేల్చెను.

జూబిలీ హిల్స్ గుట్ట దిగి బోరబండవైపు వచ్చినచో, పాన్ డబ్బాలవద్ద బీడీకట్టకు గిరాకి తెలియును. గుట్టమీద ఫిలింనగరులో తయారగు చిత్రమునందు పొగత్రాగు దృశ్యము వచ్చినచో తెరమీద హెచ్చరిక వేయవలెనని 2012 అక్టోబరు 2 నుండి నిబంధన. ఆ హెచ్చరికలలో మనము సాధారణముగా వినునవి నోరు, ఊపిరితిత్తులు. కాలివ్రేలి మాట వినబడదు. మేస్త్రీపని, కూలిపని, ఆటో నడుపుట, చిత్రములలో లైట్లు మోయుట, ఇవన్నియు కాళ్లు చేతులు ఉన్నవాని జీవనోపాధులు. ఈ ఒక్క వ్యాధి విషయమున మాత్రము ఆ హెచ్చరిక వారి భాషలో లేదని మా అభిప్రాయము.

చికిత్స సంగతి. నరము కోయుట నొప్పిని కొంత తగ్గించును. పొట్టలోని కొవ్వుపొరను కాలివరకు సాగదీసి అమర్చుట మన దేశములో శస్త్రవైద్యులు చేసిరి. మూసికొనిన చిన్న నాళములకు ప్రక్కదారి వేయుట తరచు సాధ్యము కాదు. వీనన్నిటికంటె పనిచేయునది పొగాకును పూర్తిగా మానుట. అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యులు 1990లో ప్రకటించిన లెక్కలో, పొగాకు మానినవారిలో నూటికి తొంబదినలుగురు అవయవము కోల్పోలేదు; మాననివారిలో నూటికి నలుబదిముగ్గురు కోల్పోయిరి. తగ్గించుట చాలదు. దినమునకు ఒకటి రెండు బీడీలైనను, నమలు పొగాకైనను వ్యాధిని సాగనిచ్చును. పుండు మానిన రోగి మరల బీడీ ముట్టించినచో నొప్పి తిరిగి రావచ్చును. అందుచేతనే అనుభవముగల వైద్యుడు కట్టు విప్పకమునుపే రోగి చేతివ్రేళ్లనడుమ పొగాకు మరకకై చూచును.