మరపునకు విరుగుడు: ‘మేక్’ కథ

కంప్యూటరు ప్రోగ్రామును మానవుడు వ్రాయు రూపము వేరు, యంత్రము నడపు రూపము వేరు. మొదటిదానిని సోర్సు అందురు. పెద్ద ప్రోగ్రాము యొక్క సోర్సు అనేక ఫైళ్లలో నుండును. కంపైలరు ఒక్కొక్క ఫైలును యంత్రభాషలోనికి మార్చును. లింకరు ఆ ముక్కలనన్నిటిని కూర్చి ఒక్క ప్రోగ్రాముగా చేయును.

ఇందు కష్టమేమున్నదని విద్యార్థులకు తోచవచ్చును. కష్టమంతయు జ్ఞాపకముంచుకొనుటలో నున్నది. ఇరువది ఫైళ్లలో నొకదానిని దిద్ది, మరల కంపైలు చేయుట మరచినచో పాత ముక్కయే ప్రోగ్రాములో నిలిచియుండును. ప్రతిసారియు అన్నిటిని కంపైలు చేయుదమన్న, నాటి యంత్రముల వేగమునకు చాల కాలము వ్యర్థమగును.

యూనిక్స్‌కు పుట్టినిల్లయిన అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1976వ సంవత్సరమున ఇట్టిదే జరిగెను. స్టీవ్ జాన్సన్ ఒక ప్రోగ్రాములోని తప్పును దిద్దియు, ఆ ఫైలును కంపైలు చేయకపోవుటచే, లేని తప్పును వెదకుచు ఒక ఉదయమంతయు గడపెను. ఆయన విసుగుతో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదికి వచ్చెను. ముందటి సాయంకాలము ఫెల్డ్‌మన్‌కును ఇదే అవస్థ కలిగియుండెను. ఆ వారాంతముననే ఆయన ‘మేక్’ అను ఉపకరణమును వ్రాసెను.

దాని కిటుకు మిక్కిలి సులభము. ఏ ఫైలు ఏ ఫైళ్లపై ఆధారపడియున్నదో, దానిని తయారుచేయు ఆజ్ఞ యేదో ‘మేక్‌ఫైలు’లో నొకసారి వ్రాసియుంచవలెను. మేక్ ఆ ఫైళ్లు మారిన వేళలను పోల్చును. యంత్రరూపము 9 గంటలకు తయారై, సోర్సు 10 గంటలకు దిద్దబడినచో ఆ ముక్కను మాత్రమే మరల తయారుచేయించి, ప్రోగ్రామును తిరిగి కూర్పించును. తక్కిన ముక్కలను ముట్టదు. కంప్యూటరు గడియారము తప్పినచో మేక్ కూడ మోసపోవును!

మేక్‌ఫైలులో ఆజ్ఞకు ముందు ‘ట్యాబ్’ అక్షరముండవలెను. చూపునకు అట్లే కనబడు మామూలు ఖాళీలు పనికిరావు. కొలది వారములలోనే ఇంచుమించు పండ్రెండుగురు, అందు పెక్కురు మిత్రులే, మేక్‌ను వాడసాగిరి. వారి పని చెడగొట్ట నొల్లక ఫెల్డ్‌మన్ ఆ నియమమును మార్చలేదు. నాటి మొగమాటపు ఫలమును ప్రోగ్రామర్లు నేటికిని అనుభవించుచున్నారు.

తరువాత యూనిక్స్ పలు యంత్రములకు వ్యాపించెను. ఒక్కొక్కదానిది ఒక్కొక్క తీరు. 1991లో డేవిడ్ మెకెంజీ ‘ఆటోకాన్ఫ్’ను ప్రారంభించెను. అది పుట్టించు ‘కాన్ఫిగర్’ అను స్క్రిప్టు, యంత్రములో నున్న సదుపాయములను పరీక్షించి తగిన మేక్‌ఫైలును సిద్ధపరచును. పిదప ‘మేక్’ ప్రోగ్రామును కట్టును. ‘మేక్ ఇన్‌స్టాల్’ దానిని తగిన చోట చేర్చును.

2003 సంవత్సరపు ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టం పురస్కారము ఫెల్డ్‌మన్‌కు లభించెను. లినక్స్ కెర్నెల్ నేటికిని మేక్‌తోనే కట్టబడుచున్నది. పాఠశాలలో లినక్స్ కంప్యూటరున్నచో రెండు చిన్న సి ఫైళ్లతో దీనిని పరీక్షింపవచ్చును. ఏమియు మార్చక రెండవమారు ఆజ్ఞాపించి చూడుడు: చేయవలసిన పని లేదని మేక్ బదులు చెప్పును.