కోరంగి రేవు క్షీణత: గోదావరి మొగలో ఇసుక మేటల పాత్ర

ఓడరేవుల చరిత్రను రాజ్యాలు, కంపెనీలు, యుద్ధాల ఆధారంగా చదవడం మనకు అలవాటు. గోదావరి డెల్టాలో రేవుల భవితవ్యాన్ని నది మొగ వద్ద కదిలే ఇసుక కూడా నిర్ణయించింది. ఇందుకు కోరంగి మంచి ఉదాహరణ.

ఉప్పెనలు మాత్రమే కారణమా?

గౌతమి గోదావరి నుంచి చీలిన కోరంగి పాయ ఒడ్డున ఉన్న ఈ రేవు ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందింది. ఇక్కడి నుంచి బర్మాకు వలస వెళ్లినవారి వల్ల అక్కడి తెలుగువారికి ‘కొరంగీలు’ అనే పేరు వచ్చింది. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు వేలాది మందిని బలిగొన్నాయి. రేవు పతనానికి సాధారణంగా వీటినే కారణంగా చెబుతారు. కాని 1789 తరువాత కోరంగి మళ్లీ కోలుకుంది. రెండోసారి కోలుకోలేకపోవడానికి కారణాన్ని నీటి అడుగున వెతకాలి.

మేటలు ఏర్పడే విధానం

వరదల్లో గోదావరి తెచ్చిన ఇసుక మొగ వద్ద ప్రవాహ వేగం తగ్గగానే అడుగుకు చేరుతుంది. నైరుతి రుతుపవన కాలపు అలలు దానిని తీరం వెంబడి ఉత్తరానికి తోస్తాయి. ఈ తీరంలో పోటుపాటుల మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. అందువల్ల పాటు నీరు మేటలను పూర్తిగా కడిగివేయలేదు. ఈ విధంగా సుమారు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ ఉత్తరంగా పెరిగింది. దాని కొనభాగమే హోప్ ఐలాండ్. దిబ్బ వెనుక నీరు నిలకడగా మారి, ఒండ్రు పేరుకుని, మడ అడవులు విస్తరించాయి. కోరంగికి ఓడల దారి మూసుకుపోయింది.

ఈ మేటలు ఎంత ప్రమాదకరమో 1867 జూన్‌లో రుజువైంది. అమెరికా యుద్ధనౌక శాక్రమెంటో గోదావరి మొగ సమీపంలో మెరకకు తగిలి ధ్వంసమైంది. అక్కడి దీపస్తంభానికి నేటికీ అదే పేరు.

కాకినాడ, ఉప్పాడ

కోరంగిని దెబ్బతీసిన దిబ్బే కాకినాడకు అలల నుంచి రక్షణ కల్పించింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861–65) పత్తి ఎగుమతులతో కాకినాడ ఎదిగింది. అయినా తీరం లోతు తక్కువ కావడంతో ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకును పడవలపై చేరవేసేవారు.

దిబ్బకు ఉత్తరాన ఉన్న ఉప్పాడలో పరిస్థితి వేరు. అక్కడ సముద్రం ఇళ్లను, రోడ్డును కోసివేస్తోంది. జియోట్యూబులతో కట్టిన గోడ కూడా దెబ్బతింది. 1970ల తరువాత ఎగువ జలాశయాల వల్ల డెల్టాకు చేరే ఒండ్రు సగానికి పైగా తగ్గింది. మరోవైపు 1901–2018 మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. పూర్వం ఇసుక ఎక్కువై రేవు పోయింది. నేడు ఇసుక చాలక ఊళ్లు పోతున్నాయి. కనుక నది ఎగువన తీసుకునే నిర్ణయాలను తీర చరిత్రలో భాగంగానే పరిశీలించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కోరంగి క్షీణతకు ఉప్పెనలు మాత్రమే కారణమా? చర్చించండి.
2. ఒకే ఇసుక దిబ్బ కోరంగి, కాకినాడలపై చూపిన ప్రభావాలను పోల్చండి.